బెంగళూరు ఫ్లాట్‌లో పిల్లి: ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుంది, హాయిగా ఉండాలంటే ఏం కావాలి

క్లుప్తంగా: ఫ్లాట్‌లో పెరిగే పిల్లికి ముప్పు ఎక్కువగా బాల్కనీ, మందుల డబ్బా, దారం ముక్క, తెరిచి ఉంచిన తలుపుల దగ్గర నుంచే వస్తుంది. పావురాల కోసం కట్టిన వల పిల్లిని నమ్మకంగా ఆపలేదు. బయటికి దారులన్నీ మూసేస్తే ప్రాణభయం తగ్గుతుంది గానీ ఎక్కడం, దాక్కోవడం, గోళ్లు గీరుకోవడం, వేటాడటం కూడా వాటితోపాటే ఆగిపోతాయి. వాటికి ఇంట్లోనే చోటు చూపించకపోతే జబ్బులూ గొడవలూ మొదలవుతాయి.

బెంగళూరులో కె.ఆర్. పురం నుంచి మారతహళ్లి, బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ దాకా తెలుగువాళ్లు ఉండే అపార్ట్‌మెంట్లలో పిల్లిని పెంచుకునే ఇళ్లు బాగానే కనిపిస్తున్నాయి. కుక్కనైతే రోజుకు రెండుసార్లు కిందికి తీసుకెళ్లాలి, ఆఫీసు టైమింగ్స్‌తో అది కుదరదు, పిల్లి అయితే దాని మానాన అది పడి ఉంటుంది అని చాలామంది లెక్క. ఈ లెక్క సగమే నిజం. ఊళ్లో పిల్లికి పెరడు ఉంటుంది, ప్రహరీ గోడ ఉంటుంది, పక్కింటి వసారా ఉంటుంది. ఎవరూ ఏమీ ఏర్పాటు చేయకపోయినా తనకు కావలసింది తనే వెతుక్కుంటుంది. ఎనిమిదో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఇంట్లో వెతుక్కోవడానికి ఏముంది? తెరిచి ఉన్న ఒక్క చోటు బాల్కనీ, దాని అవతల ఖాళీ.

అందుకే కొత్తగా పెంచుకునేవాళ్లకు ఇన్ని సందేహాలు. వల కడితే చాలా? ఎప్పుడూ లోపలే ఉంచడం పాపం కాదా? ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపించేయాలా? ఓనరు వద్దంటే ఏం చేయాలి? జవాబులు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ ఒకరు చెప్పేది ఇంకొకరు చెప్పేదానితో పొసగదు. ఏ ప్రమాదం ఎలా జరుగుతుందో తెలిస్తే ఏ మాట నమ్మాలో తేల్చుకోవడం తేలికవుతుంది.

ఎలా పడ్డా కాళ్ల మీదే పడుతుందిగా?

పిల్లి గాల్లోనే తిరిగి కాళ్ల మీద పడుతుందన్నది నిజమే. పుట్టిన మూడు నాలుగు వారాలకు ఆ నేర్పు మొదలై ఏడో వారానికల్లా పూర్తిగా వచ్చేస్తుంది. ముందు తల నేల వైపు తిరుగుతుంది, తర్వాత ముందుకాళ్ల వైపు, ఆ వెనక నడుము. 1894లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే వరసగా ఫొటోలు తీసి ఈ కదలికను చూపించాడు. కానీ కాళ్ల మీద పడినంత మాత్రాన దెబ్బ తగలదని కాదు. పడే వేగం మొత్తాన్ని కాళ్లు ఆపలేవు, మిగిలినదంతా ఛాతీకీ గడ్డానికీ తగులుతుంది. ఎత్తు నుంచి పడిన పిల్లుల్లో కాళ్లు విరగడంతో పాటు దవడ విరగడం, పై అంగిలి మధ్యకు చీలడం, ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరడం తరచుగా కనిపించేది ఇందుకే. బయటికి రక్తం రాకపోవచ్చు, లేచి నాలుగడుగులు నడవొచ్చు కూడా, ఆ తర్వాత కొన్ని గంటలకు ఊపిరి అందదు. పడిన పిల్లి ఎంత మామూలుగా కనిపించినా ఆలస్యం చేయకుండా ఎక్స్‌రే సదుపాయం ఉన్న పశువైద్యశాలకు తీసుకెళ్లాలి.

ఈ విషయంలో అందరూ చెప్పే లెక్క ఒకటుంది. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్‌కు వచ్చిన 132 పిల్లుల మీద 1987లో ఒక అధ్యయనం వెలువడింది. చికిత్స చేసినవాటిలో 90 శాతం బతికాయి, పైగా ఏడంతస్తుల కంటే ఎత్తు నుంచి పడినవాటికి గాయాలు తక్కువగా ఉన్నాయని తేలింది. ఒక ఎత్తు దాటాక పడే వేగం ఇక పెరగదు కాబట్టి పిల్లి ఒళ్లు వదులు చేసుకుంటుందని ఆ పరిశోధకులు వివరణ ఇచ్చారు. దీన్ని పట్టుకుని పై అంతస్తుల్లో భయం లేదనుకుంటే చాలా పొరపాటు. ఆ లెక్కలో ఉన్నవి ఆసుపత్రి దాకా వచ్చిన పిల్లులు మాత్రమే. కింద పడి అక్కడికక్కడే చనిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు కదా, అది లెక్కలోకే రాదు.

అసలు అంత ఒడుపుగల జంతువు ఎందుకు పడుతుంది? చాలాసార్లు కారణం పావురం. పిట్ట మీద చూపు నిలిపిన పిల్లికి పక్కన ఏముందో పట్టదు, దూకాల్సిన క్షణం వచ్చిందంటే దూకేస్తుంది. రెండో కారణం మన కట్టడాలు. చెట్టు కొమ్మ మీద గోళ్లు దిగుతాయి, జారినా పట్టు దొరుకుతుంది. పాలిష్ చేసిన గ్రానైట్ పిట్టగోడ మీద, స్టీల్ గొట్టం మీద, గాజు రెయిలింగ్ అంచు మీద గోరు దిగదు. ఎండలో పిట్టగోడ మీద పడుకుని నిద్రలో పక్కకు దొర్లిందా, ఆపుకోవడానికి ఏమీ ఉండదు. వీటికి తోడు బెంగళూరు వాతావరణం. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఏసీ అక్కర్లేదు, కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి. చెన్నైలో ఎండకు మూసేసుకునే గదిలో పిల్లికి లేని అపాయం ఇక్కడ చల్లగాలితో పాటే వస్తుంది.

పావురాల వల ఎందుకు చాలదు

బాల్కనీకి వల ఉందిగా అని ధైర్యంగా ఉండే ఇళ్లే ఎక్కువ. ఆ వల పని ఒక్కటే, బయటి నుంచి ఎగిరొచ్చే తేలికపాటి పక్షిని ఆపడం. నాలుగైదు కిలోల పిల్లి లోపలి నుంచి దూకి, గోళ్లతో పట్టుకుని వేలాడి, కోరపళ్లతో కొరికితే తట్టుకోవడానికి దాన్ని తయారు చేయలేదు.

ఒకసారి దగ్గరికెళ్లి మూల చూడండి. వల అంచును ఒక తాడుకు గుచ్చి, ఆ తాడును గోడలో దిగ్గొట్టిన చిన్న చిన్న కొక్కేలకు తగిలిస్తారు. కొక్కేనికీ కొక్కేనికీ మధ్య తాడు కాస్త వదులుగా ఉంటుంది, వేలు పెట్టి లాగితే గోడకూ వలకూ మధ్య అరచేయి దూరేంత సందు వస్తుంది. పిల్లి తల పట్టిందంటే ఒళ్లంతా పడుతుంది, దానికి మనలాగా భుజాలను బిగించి పట్టి ఉంచే కాలర్ ఎముకలు లేవు. పైగా నైలాన్ ఎండకు బిరుసెక్కుతుంది. రెండు మూడు వేసవులు చూసిన వలను గట్టిగా నలిపితే పోగులు తెల్లగా పొడి రాలుతాయి. అలాంటి వలలో ఒక్క కన్ను తెగితే పక్క కన్నులు తెగడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ మధ్య బాగా పెడుతున్న ఇన్విజిబుల్ గ్రిల్ సంగతి వేరు. అందులో ఉన్నవి స్టీల్ తీగలు, తెగవు. సమస్య తీగల మధ్య ఎడంతో. పిల్లలు పడకుండా చూసే లెక్కతో రెండు మూడు అంగుళాల ఎడంలో బిగిస్తారు. పెద్ద పిల్లి ఆగొచ్చు గానీ మూడు నెలల కూన చక్కగా దూరిపోతుంది, సన్నటి పెద్ద పిల్లి కూడా తీగలను పక్కకు నెట్టి తల పెట్టగలదు. స్లైడింగ్ కిటికీల్లో వచ్చే దోమల మెష్ అన్నిటికంటే బలహీనం: ఫైబర్ అల్లిక, గోళ్లు పడితే చిరుగుతుంది, లేదా పిల్లి ఆనుకోగానే అంచు రబ్బరు ఊడి మెష్ మొత్తం బయటికి తెరుచుకుంటుంది.

నిలిచేది స్టెయిన్‌లెస్ స్టీల్ మెష్. అల్యూమినియం ఫ్రేములో బిగించి, కన్ను అంగుళానికి మించకుండా, నేల నుంచి పైకప్పు దాకా ఉండాలి. నాలుగడుగులు కట్టి వదిలేస్తే అది నిచ్చెనగా పనికొస్తుంది తప్ప కంచెగా కాదు. మెష్‌ను రెయిలింగ్‌కు లోపలి వైపు పెడితే పిల్లికి పిట్టగోడ ఎక్కే అవకాశమే ఉండదు, బయటి నుంచి బిల్డింగ్ రూపం మారదు కాబట్టి అసోసియేషన్ అభ్యంతరాలు కూడా తగ్గుతాయి. అగ్నిప్రమాదం లాంటిది జరిగితే మనుషులు బయటపడాల్సింది కూడా ఆ బాల్కనీ గుండానే కావచ్చు, అందుకని మెష్‌లో గడియ ఉన్న ఒక తలుపు తప్పకుండా ఉంచుకోవాలి.

అద్దె ఇంట్లో గోడకు డ్రిల్ వేయనివ్వకపోతే? బాల్కనీని వదిలేసి ఒకటి రెండు కిటికీలకు మాత్రం స్టీల్ మెష్ పెట్టించుకుని, బాల్కనీ తలుపును మూసే ఉంచడం మేలు. సగం భద్రమైన బాల్కనీ కంటే మూసిన బాల్కనీ నయం.

ఎవరూ చూడని మరికొన్ని దారులు

బాత్రూమ్ వెంటిలేటర్‌లోని గాజు పలకల్లో ఒకటి లేకపోతే పిల్లికి అదే దారి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ వెంటిలేటర్ డక్ట్‌లోకి తెరుచుకుంటుంది, పైపులు దిగే ఆ సన్నటి సందులో పడిన పిల్లిని బయటికి తీయడం పై నుంచీ కుదరదు, కింద నుంచీ కష్టమే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం వదిలిన రంధ్రం, యుటిలిటీలో బట్టలారేసే చోటు కూడా ఇలాంటివే. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌లో వెచ్చటి బట్టల మధ్య పడుకోవడం పిల్లులకు ఇష్టం. స్విచ్ వేసే ముందు చేయి పెట్టి చూడటం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి, పని మనిషికి కూడా చెప్పాలి.

మెయిన్ డోర్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రోజులో కిరాణా డెలివరీ, పార్సిల్, నీళ్ల క్యాన్, గ్యాస్ సిలిండర్ అంటూ తలుపు పదిసార్లు తెరుచుకుంటుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సాయంత్రం తలుపు తీసి కూర్చోవడం అలవాటు. బయట మెష్ తలుపు ఉంటే ఈ గొడవ తీరుతుంది, లేకపోతే డెలివరీ సమయంలో పిల్లిని ఒక గదిలో ఉంచాలి. ఇంత చేసినా జారుకుందనుకోండి, దూరం పోయి వెతకొద్దు. తప్పిపోయిన పిల్లుల మీద 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, దొరికినవాటిలో 75 శాతం ఇంటికి 500 మీటర్ల లోపే దొరికాయని తేలింది. ఇంట్లోనే పెరిగిన పిల్లి భయంతో దగ్గర్లోనే నక్కుతుంది, పేరు పెట్టి పిలిచినా పలకదు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో కార్ల కింద, జనరేటర్ గది వెనక, మెట్ల కింద రాత్రి పూట టార్చి వేసి కళ్ల మెరుపు కోసం చూడాలి. కార్లు తీసేవాళ్లను స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద ఒకసారి తట్టమని గ్రూపులో మెసేజ్ పెట్టండి.

పిల్లికి ఆపరేషన్ చేయించడం కూడా ఇంటి భద్రతలో భాగమే. ఆపరేషన్ కాని ఆడపిల్లి ఎదకు వచ్చినప్పుడల్లా, మగపిల్లి ఆ వాసన అందినప్పుడల్లా బయటపడాలని చూస్తుంది, మామూలు రోజుల్లో తలెత్తి చూడని కిటికీ మీదికి కూడా ఎగబడుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో చేయించేస్తే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు.

ఒక్క మాత్ర చాలు

మన ఇంట్లో మందులు, ఫినాయిల్, కర్పూరం మామూలుగా వాడుకుంటే మనకేమీ చేయవు, పిల్లిని మాత్రం ఎందుకు చంపుతాయి? దానికి కారణం కాలేయం. కొన్ని రసాయనాలకు ఒక చక్కెర పదార్థాన్ని అతికించి మూత్రంలో బయటికి పంపేయడం మన కాలేయం చేసే పని. ఆ పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైనది పిల్లిలో పనిచేయదు. పూర్తిగా మాంసం తిని బతికే జంతువు కాబట్టి, మొక్కల్లోని విషాలను విరిచే సరంజామా దానికి తరతరాలుగా అవసరం పడలేదని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

దీనివల్ల పారాసిటమాల్ పిల్లికి విషమవుతుంది. జ్వరం వచ్చిందనుకుని డోలో మాత్ర సగం విరిచి పాలల్లో కలిపి తాగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మంచి చేస్తున్నామనుకునే చేస్తారు. విరగని మందు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, రక్తం రంగు మారి ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. చిగుళ్లు గులాబీ రంగు పోయి మట్టి రంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. విరుగుడు ఉంది, కానీ గంటల్లో అందాలి. ఐబుప్రొఫెన్ కూడా ఇవ్వకూడదు. కుక్కల గోమార్ల కోసం మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, పిల్లికి అది పడితే వణుకు, ఫిట్స్ వస్తాయి. కుక్కా పిల్లీ రెండూ ఉన్న ఇంట్లో కుక్కకు వేసిన మందు ఆరేదాకా రెంటినీ వేరుగా ఉంచాలి. చీమల చాక్‌పీస్‌తో గీసిన గీతలు, బీరువాలో నాఫ్తలీన్ ఉండలు, నల్ల ఫినాయిల్‌తో తుడిచిన నేల, జలుబుకు వాడే నీలగిరి తైలం, డిఫ్యూజర్లలో పోసే టీ ట్రీ నూనె అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. పిల్లి వీటిని తినదు. వాటి మీద నడుస్తుంది, తర్వాత కూర్చుని పాదాలు నాక్కుంటుంది. అంటుకున్నదంతా లోపలికి వెళ్లేది అలాగే. అసోసియేషన్ వాళ్లు ఎలుకల మందు పెట్టినప్పుడు కూడా జాగ్రత్త పడాలి, మందు తిన్న ఎలుకను పిల్లి తింటే ఆ విషం దానికీ ఎక్కుతుంది.

పూల విషయంలో ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలి. పుట్టినరోజులకు, గృహప్రవేశాలకు వచ్చే బొకేల్లో పెద్ద రేకులతో, గోధుమరంగు పుప్పొడితో ఉండే లిల్లీ పిల్లి కిడ్నీలను పాడుచేస్తుంది. ఆకు, రేకు, ఒంటి మీద రాలిన పుప్పొడి నాక్కోవడం, చివరికి ఆ కొమ్మలు పెట్టిన నీళ్లు తాగడం కూడా చాలు. మొదటి రోజు వాంతులు, కాస్త మందకొడితనం, అంతే. కిడ్నీ చెడిన సంగతి బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. పూలదండల్లో గుచ్చే తెల్లటి చిన్న లిల్లీ పూలు వేరే జాతి, వాటికి ఈ గుణం లేదు. అయినా దండను పిల్లికి అందేలా వదలకూడదు, ఎందుకో కింద చూద్దాం. కుండీల్లో సైకస్ కాలేయానికి, గన్నేరు గుండెకు ప్రమాదం. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా ఆకులు కొరికితే నోరు మండి చొంగ కారుతుంది, ప్రాణం మీదికి రావడం అరుదు. లాల్‌బాగ్ ఫ్లవర్ షో చూసొచ్చి మొక్కలు కొనేటప్పుడు పిల్లికి హాని చేయని అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ లాంటివి ఎంచుకోండి. మల్లె, తులసి పెట్టుకోవచ్చు. ఒక చిన్న కుండీలో గోధుమ గడ్డి పెంచితే పిల్లి దాన్నే కొరుక్కుంటుంది.

పూలదండ దారం

దేవుడి పటానికి వేసిన దండ వాడిపోయాక తీసి ఒక మూల పెడతాం. పూలు రాలిపోతాయి, దారం మిగులుతుంది. పిల్లి దానితో ఆడుతుంది, తర్వాత మింగుతుంది. పిల్లి నాలుక మీద ముళ్లన్నీ గొంతు వైపుకు వంగి ఉంటాయి, ఒకసారి నాలుకకు చిక్కిన దారాన్ని ఉమ్మేయడం దాని చేతిలో లేదు. దారం ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుంటుంది, రెండో కొస పేగుల్లోకి జారుతుంది. పేగు తన పద్ధతి ప్రకారం దాన్ని ముందుకు నెట్టాలని చూస్తుంది, పై కొస కదలదు, దాంతో పేగు ఆ దారం మీదికి కుచ్చిళ్లుగా ముడుచుకుపోతుంది. బిగిసిన దారం పేగు గోడను కోసే ప్రమాదం ఉంది. వాంతులు, తిండి మానేయడం తప్ప బయటికి ఏమీ తెలియదు.

నోట్లోంచో మలద్వారం దగ్గరో దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి. లాగితే లోపల తెగేది పేగు. అలాగే ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కుట్టు మిషన్ దారం, సూదితో ఉన్న దారమైతే మరీ, గాలిపటం మాంజా, స్వీట్ డబ్బాకు కట్టిన రిబ్బన్, హెయిర్ బ్యాండ్లు అన్నీ మూత ఉన్న డబ్బాలోకి వెళ్లాలి. పిల్లిని ఆడించడానికి కొన్న ఈకల కర్రను కూడా ఆట అయిపోగానే బీరువాలో పెట్టేయడం మంచిది.

లోపలే ఉంచాక దానికి ఏం మిగులుతుంది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మూయడం, తీసేయడం గురించే. అవన్నీ చేసి ఆగిపోయిన ఇళ్లలోనే తర్వాతి ఫిర్యాదులు మొదలవుతాయి: సోఫా చింపుతోంది, రాత్రి మూడింటికి అరుస్తోంది, మంచం మీద మూత్రం పోస్తోంది, కాళ్లు కరుస్తోంది. వీటిలో పొగరు, పగ చూస్తారు కొందరు. అలాంటిదేమీ లేదు. చేయడానికి పని లేని జంతువు తనకు దొరికిన వాటితో ఆ పని చేస్తోంది, అంతే.

ముందుగా ఎత్తు. పిల్లి వేటాడే జంతువే, కానీ దాన్ని వేటాడే జంతువులూ ఉన్నాయి. పై నుంచి చూస్తే ఎవరు వస్తున్నారో తెలుస్తుంది, భయం తగ్గుతుంది. నేల వైశాల్యం తక్కువున్న ఫ్లాట్‌లో గోడలే దాని స్థలం. వార్డ్‌రోబ్ పైన ఒక పాత దుప్పటి, అక్కడికి ఎక్కడానికి మధ్యలో ఒక స్టూలో షెల్ఫో, మెష్ ఉన్న కిటికీ దగ్గర కూర్చునే పలక ఉంటే సగం ఇల్లు ఇచ్చినట్టే. ఆ ఎత్తు సీలింగ్ ఫ్యాన్ రెక్కలకు దూరంగా ఉండాలని మాత్రం చూసుకోండి. దాక్కునే చోటు రెండోది. ఆన్‌లైన్‌లో కొన్న సామాను అట్టపెట్టెను పక్కకు తిప్పి పెడితే చాలు, ఖర్చు లేదు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు పిల్లి అందులో దూరితే పిల్లల చేత లాగించకూడదు.

గోళ్లు గీరుకోవడం ఆపలేని పని. గోరు పైపొర ఊడిపోవడానికి, ఒళ్లు సాగదీసుకోవడానికి, పాదాల్లోని గ్రంథుల వాసనతో ఇది నా చోటు అని చెప్పుకోవడానికి పిల్లి గీరుతుంది. సోఫాను ఎంచుకోవడానికి కారణం అది కదలకపోవడం, నిలువుగా ఉండటం, అందరూ కూర్చునే చోట ఉండటం. బజార్లో దొరికే అడుగున్నర స్క్రాచింగ్ పోస్టులు ఊగుతాయి, పిల్లి ఒకసారి చేయి వేసి వదిలేస్తుంది. మూడడుగుల ఎత్తున, కింద బరువుతో, నార తాడో గోనెపట్టో బిగించి చుట్టిన దిమ్మెను సోఫా పక్కనే పెట్టాలి. అలవాటయ్యాక కొద్దికొద్దిగా జరుపుకోవచ్చు. కొన్ని పిల్లులకు కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ అంటేనే ఇష్టం, అదీ మంచిదే.

ఇక వేట. మాటు వేయడం, వెంటపడటం, పట్టుకోవడం, తినడం, ఒళ్లు నాక్కోవడం, పడుకోవడం. పిల్లి రోజు ఈ వరసలో నడుస్తుంది. గిన్నెలో ఎప్పుడూ తిండి పోసి ఉంచితే ముందు మూడూ పోతాయి. ఆఫీసు నుంచి వచ్చాక పది నిమిషాలు, పడుకోబోయే ముందు పది నిమిషాలు కర్రతో ఆడించి, చివర్లో దానికి పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెడితే రాత్రి అరుపులు చాలావరకు తగ్గుతాయి. వేళ్లతో ఆడించడం కూన దశలో ముద్దుగా ఉంటుంది, ఏడాది తర్వాత అదే కరిచే అలవాటవుతుంది.

లిట్టర్ బాక్స్, నీళ్లు

పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒకటి ఎక్కువ లిట్టర్ బాక్స్‌లు (పిల్లి మలమూత్రాల కోసం మట్టి పోసి పెట్టే టబ్బులు) ఉండాలన్నది డాక్టర్లు సాధారణంగా చెప్పే లెక్క. బెంగళూరు ఫ్లాట్‌లో అసలు ఇబ్బంది వాటిని ఎక్కడ పెట్టాలన్నదే. యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన పెడితే, అది గిర్రున తిరిగి వణికినప్పుడు లోపలున్న పిల్లి ఒక్కసారి భయపడిందంటే మళ్లీ అటు వెళ్లకపోవచ్చు. బాత్రూమ్‌లో పెడితే నేల తడికి బాక్స్‌లో పోసే బెంటోనైట్ మట్టి గట్టకట్టి టైల్స్‌కు అంటుకుంటుంది. దాన్ని కడిగి కాలువలోకి పంపితే పైపు పూడుతుంది. హాల్లో ఒక మూల, మనుషుల రాకపోకలు తక్కువున్న చోట, పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉన్న పెద్ద టబ్బు పెట్టి రోజూ తీసేస్తే వాసన పెద్దగా రాదు.

పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాలవి, దాహం తక్కువ. పొడి తిండిలో తేమ పది శాతమే, తడి తిండిలో డెబ్బై ఐదు పైన. పొడి తిండి మీదే ఉండి నీళ్లు తాగని మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. మాటిమాటికీ బాక్స్‌లో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే మలబద్ధకం అనుకుని ఆముదం పోయకండి, అది అత్యవసరం, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. నీళ్ల గిన్నెలు తిండికీ లిట్టర్‌కూ దూరంగా, రెండు మూడు చోట్ల ఉంచాలి. ఎండాకాలంలో మరీ, ఈ ఊళ్లోనూ 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదైంది, పై అంతస్తు గదులు ఆ రోజుల్లో కాగిపోతాయి.

గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లిని వదిలించుకోమని పెద్దవాళ్లు పట్టుబడతారు. వాళ్ల భయానికి ఆధారం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, అది నిజంగానే కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. అది సోకే తీరు చూస్తే పిల్లిని పంపాల్సిన అవసరం కనిపించదు. పిల్లి మలంలో వచ్చిన గుడ్లు సోకే దశకు రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ బాక్స్ శుభ్రం చేస్తే, ఆ పని ఇంట్లో వేరేవాళ్లు చేస్తే, ఆ దారి మూసుకుపోతుంది. పచ్చి మాంసం తినకుండా ఇంట్లోనే ఉండే పిల్లికి అది సోకే అవకాశమే తక్కువ. మనుషులకు సరిగా ఉడకని మాంసం, మట్టి, కడగని కూరగాయల ద్వారా వచ్చేదే ఎక్కువ. డాక్టరుకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పి రక్తపరీక్ష చేయించుకుంటే సరిపోతుంది.

పెరుగన్నం మీద పెరిగే పిల్లులు

శాకాహార ఇళ్లలో పాలు, పెరుగన్నం పెట్టి పిల్లి బాగానే ఉందనుకుంటారు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం, చేపల నుంచి రావాలి. అది లేకపోతే కంటిలోపలి పొర దెబ్బతింటుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఈ గుండె జబ్బుకూ టారిన్‌కూ ఉన్న సంబంధం 1987లో తేలాక తయారీదారులు పిల్లుల ఆహారంలో దాన్ని పెంచారు. ఊళ్లో పెరుగన్నం తిన్న పిల్లి కూడా బతికింది కదా అంటే, అది ఎలుకల్ని, బల్లుల్ని తినేది. ఫ్లాట్‌లో అవి అంతగా దొరకవు. వంటింట్లో మాంసం వండని ఇంటివాళ్లు ప్యాకెట్ ఆహారం వాడుకోవచ్చు. మిగిలిన చికెన్ కూర, సాంబారన్నం పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా పొడిగా ఉన్నా పిల్లి రక్తకణాలను విరిచేస్తాయి.

టీకాల గురించి ఒక మాట. బయటికి పోని పిల్లికి ఎందుకు అనే వాదన తప్పు. పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు తెచ్చే వైరస్ పరిసరాల్లో ఏడాది దాకా బతకగలదు, మన చెప్పులతో ఇంట్లోకి వస్తుంది. కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున వేయించాలి, రేబిస్ టీకా వేరు.

పండగలు, అద్దె ఇళ్లు

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు పిల్లిని వెంట తీసుకెళ్లడం కంటే ఇంట్లోనే ఉంచి రోజుకు రెండుసార్లు తెలిసినవాళ్లను రప్పించడం దానికి తేలిక, ఎందుకంటే పిల్లికి మనుషులకంటే ముందు చోటు అలవాటు. రాత్రంతా బస్సులో, వేరే ఊళ్లో తెరిచి ఉన్న పెరట్లో అది బెదిరి పారిపోయే అవకాశం ఎక్కువ. క్యారియర్‌ను మాత్రం ఏడాది పొడవునా హాల్లో తెరిచే ఉంచాలి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజే అటక మీంచి దించితే దాన్ని చూడగానే మంచం కిందికి దూరుతుంది. దీపావళికి రెండు రోజుల ముందు నుంచే లోపలి గదిలో, కిటికీలు మూసి, పెట్టె, నీళ్లు, లిట్టర్ అన్నీ ఒకే చోట పెట్టి అలవాటు చేయాలి.

అసోసియేషన్ల సంగతికొస్తే, అపార్ట్‌మెంట్‌లో పెంపుడు జంతువులనే నిషేధించే హక్కు వాటికి లేదని యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ప్రధానంగా కుక్కల గొడవల కోసం వచ్చినవే అయినా పిల్లులున్నవాళ్లకూ ఆసరాగా ఉంటాయి. ఓనరుతో ఒప్పందం దీనికి భిన్నమైన విషయం, అది ఇద్దరి మధ్య రాతకోత. పిల్లి సంగతి దాచి ఇల్లు తీసుకుంటే, నెలల అద్దె అడ్వాన్సుగా కట్టే ఈ ఊళ్లో ఖాళీ చేసేటప్పుడు ఎక్కువ నష్టపోయేది అద్దెకుండేవాళ్లే. పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకునేటప్పుడే పిల్లి ఉంటుందని, కిటికీలకు మెష్ పెట్టుకుంటామని, వెళ్లేటప్పుడు తీసి రంధ్రాలు పూడుస్తామని, తలుపుల మీద గీతలుంటే బాగుచేయిస్తామని రాయించుకోవాలి. దిగే రోజున తలుపులకు, గోడలకు తేదీతో ఫొటోలు తీసి ఓనరుకు పంపాలి.